మొరాకో ఇంటి గడప దాటాక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మొరాకో దేశంలో మా కుటుంబం గడిపిన నాలుగేళ్ల గురించి గత సంచికలో నేను రాసిన అనుభవాలు చదివి వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపుల నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. ఆ వ్యాసం చదవని వారి కోసం ముందుగా రెండు మాటలు చెబుతాను. మా వారు అట్లాంటిక్ సముద్ర తీరాన ఉన్న అల్ జదీదా అనే పట్టణానికి దగ్గరలో, ఫాస్ఫేట్ రాయి నుంచి ఎరువులకు కావలసిన ఆమ్లం తీసే కర్మాగారంలో పనిచేశారు. మన రైతులు పత్తికి, మక్కకు వేసే డీఏపీలోని భాస్వరంలో కొంత ఆ దేశపు గనుల నుంచే వస్తుంది. ప్రపంచంలోని ఫాస్ఫేట్ నిల్వల్లో దాదాపు 70 శాతం అక్కడే ఉన్నాయి. 2024 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభా సుమారు 3.7 కోట్లు, అంటే మన తెలంగాణకు కాస్త అటూ ఇటూ. అరబ్బీలో ఆ దేశం పేరు అల్ మగ్రిబ్, పొద్దు గూకే దిక్కు అని అర్థం. మన ఊళ్లలో పొద్దు గూకిన వెంటనే చదివే నమాజును మగ్రిబ్ అంటారు కదా, ఆ మాటే ఇది. అన్ని ఉత్తరాలకూ ఇక్కడ జవాబు చెప్పడం కుదరదు కాబట్టి, ఎక్కువ మందికి పనికివచ్చే ప్రశ్నలను తీసుకున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి పెండ్లయి ఆరు నెలలవుతోంది. అల్లుడికి కాసాబ్లాంకాలో ఉద్యోగం రావడంతో వచ్చే నెల ఇద్దరూ వెళ్తున్నారు. అక్కడివారు ఇంటికి పిలిస్తే తినమని బాగా బలవంతం చేస్తారని, వద్దంటే నొచ్చుకుంటారని మీరు రాశారు. మా అమ్మాయికి మొహమాటం ఎక్కువ. పక్కింటివాళ్లు పిలిస్తే ఎలా మెలగాలో వివరంగా చెప్పగలరు. (ఒక తల్లి, హన్మకొండ)

జవాబు: అమ్మా, మీరు బెంగ పెట్టుకోకండి. మొహమాటం ఉన్న పిల్లలే అక్కడ తొందరగా కలిసిపోతారు. పెట్టేవారి మర్యాద ఎలా ఉంటుందో ఆ దేశం గురించి రాసినవారందరూ రాస్తారు గానీ, పెట్టించుకునేవారికి కూడా అక్కడ ఒక మర్యాద ఉందని, పరాయి దేశం నుంచి వెళ్లిన మనం నేర్చుకోవలసింది దానినేనని ఎవరూ చెప్పరు. మొదటి ఏడాది నాకు ఆ సంగతి తెలియక, "వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాను" అంటూ ఎందరి మనసు చిన్నబుచ్చానో తరువాత అర్థమై బాధపడ్డాను.

మొదట పలకరింపు గురించి చెబుతాను. గడపలోనే "లా బాస్?" అని అడుగుతారు. చెడు ఏమీ లేదు కదా అని ఆ మాటకు అర్థం, జవాబు కూడా "లా బాస్" అనే. అంతటితో అయిపోదు. అంతా క్షేమమేనా అని "కుల్షి బిఖీర్?" అంటారు, ఇంట్లో వారు ఎలా ఉన్నారు, పిల్లలు ఎలా ఉన్నారు, అమ్మా నాన్నల ఆరోగ్యం ఎలా ఉంది అని ఒక్కొక్కరినీ పేరుపేరునా అడుగుతారు. మనం ఒక ప్రశ్నకు జవాబు చెప్పేలోపు ఇంకొకటి వస్తుంది. వివరాలు చెప్పమని కాదు, మళ్లీ మనం కూడా వారి ఇంటివారందరినీ అడగాలని. మన ఊళ్లలో "బాగున్నరా, పిల్లలు బాగున్నరా, పంట ఎట్లున్నది" అని వాకిట్లోనే నిలబెట్టి అడిగే పెద్దవాళ్లను చూసినవారికి ఇది కొత్తగా ఉండదు. చెయ్యి కలిపిన తరువాత కుడి చేతిని గుండెల మీద పెట్టుకుంటారు. ఆడవాళ్లు ఆడవాళ్ల చెంపలకు చెంపలు ఆనిస్తారు. మగవారి విషయంలో మాత్రం మీ అల్లుడు, ఎదుటి ఆడమనిషి చెయ్యి చాచేదాకా ఆగి, చాచకపోతే గుండె మీద చెయ్యి పెట్టుకుని నమస్కరించినట్టు తల వంచితే సరిపోతుంది.

వట్టి చేతులతో వెళ్లకూడదు. మామూలుగా వెళ్లేటప్పుడు మిఠాయిలో పండ్లో చాలు. పెండ్లికి, పురుడుకు, చావుకు మాత్రం చక్కెర గోపురం తీసుకుని వెళ్తారు. అది రెండు కిలోల గట్టి చక్కెర దిమ్మె, నీలి కాగితం చుట్టి ఉంటుంది. శుభానికీ అశుభానికీ ఒకే వస్తువా అని నేను ఆశ్చర్యపోయాను. వచ్చిన వారందరికీ తీయటి చాయ్ ఇవ్వవలసిన ఇల్లు ఏదైనా ఒకటే కదా, ఆ ఖర్చు ఇంటివారి మీద పడకుండా ఊరు పంచుకుంటుందని పక్కింటి పెద్దావిడ చెప్పినప్పుడు ఆ పద్ధతిలోని వివేకం తెలిసింది.

తివాచీ అంచున చెప్పులు విడిచి, గోడ పొడవునా వేసిన మెత్తటి పరుపుల మీద కూర్చోబెడతారు. గుండ్రటి పొట్టి బల్ల వస్తుంది. తినబోయే ముందు ఇంట్లోని చిన్నపిల్లో పిల్లవాడో ఇత్తడి కూజా, తాస్ అనే పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి చేతుల మీద నీళ్లు పోస్తారు, భుజాన తుండు ఉంటుంది. చుట్టం వస్తే చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చే ఇంట్లో పెరిగిన నాకు ఆ తాస్ చూసిన మొదటి రోజే ఆ ఇల్లు పరాయిది కాదనిపించింది. తరువాత అందరికీ కలిపి ఒకే పెద్ద పళ్లెంలో వంట వస్తుంది. ఎవరికి వారు విడిగా వడ్డించుకోరు. మన ముందు ఉన్న భాగం నుంచే, కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలితో రొట్టె ముక్కను పట్టి కూర అద్దుకుని తినాలి. చెయ్యి పక్కవారి వైపు పోకూడదు. మాంసం నడిమధ్య ఉంటుంది, దానిని చివరిదాకా ఎవరూ ముట్టరు. సమయం వచ్చినప్పుడు ఇంటి ఇల్లాలే మంచి ముక్కలు తుంచి అతిథి ముందుకు నెడుతుంది. మీరు అడిగిన బలవంతం అప్పుడు మొదలవుతుంది.

"కూలి, కూలి" అంటారు. ఆడవారితో తినమనడం అది, మగవారితో అయితే "కూల్". మొదటిసారి చాలన్నా, రెండోసారి చాలన్నా ఎవరూ నమ్మరు. మన దగ్గర "ఇంకొక్క ముద్ద" అన్నట్టే అనుకోండి. అందుకని మీ అమ్మాయి మొదటి పావుగంట మెల్లగా తినాలి, ఆకలి కొంత మిగుల్చుకోవాలి, రెండుసార్లు కాదనకుండా కొంచెం కొంచెం తీసుకోవాలి. మూడోసారి గుండె మీద చెయ్యి పెట్టుకుని "సాఫీ, అల్హమ్దులిల్లా" అంటే సరిపోతుంది. ఇక చాలు, దేవుడి దయ అని అర్థం. అప్పుడు వారు "బిస్సహా" అంటారు, ఒంటికి పట్టాలని దీవెన. భోజనం చేసిన వారితోనే కాదు, స్నానం చేసి వచ్చినవారితో, కొత్త బట్ట కట్టుకున్నవారితో, క్షవరం చేయించుకున్నవారితో కూడా ఆ మాట అంటారు. జవాబుగా "అల్లా యాతిక్ సహా" అనాలి, దేవుడు నీకూ ఆరోగ్యం ఇవ్వాలని. ఈ ఒక్క జత మాటలు నేర్చుకుని వెళ్తే మీ అమ్మాయికి సగం వీధి దగ్గరవుతుంది.

చాయ్ సంగతి వేరుగా చెప్పాలి. మా పక్కింటి పెద్దావిడ చాయ్ కాచే తీరు నేను కొన్ని వందల సార్లు చూశాను. చైనా నుంచి వచ్చే ఆకుపచ్చ తేయాకు చిన్న చిన్న ఉండలుగా ఉంటుంది. దానిని కూజాలో వేసి మరిగే నీళ్లు కొద్దిగా పోసి, ఆ మొదటి నీటిని ఒక గ్లాసులోకి వంచి పక్కన పెట్టేది, అది తేయాకు ప్రాణం అనేది. మళ్లీ నీళ్లు పోసి, కూజాను తిప్పి, మురికిగా వచ్చే రెండో నీటిని పారబోసి, మొదటి గ్లాసును తిరిగి కూజాలో కలిపి, పొయ్యి మీద పెట్టి, చిన్న సుత్తితో చక్కెర దిమ్మె కొట్టి ఆ ముక్కలు, చివరన గుప్పెడు పుదీనా వేసేది. గ్లాసులో పోసి మళ్లీ కూజాలో పోయడం రెండు మూడుసార్లు జరిగిన తరువాత, మూరెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా వంచితే పైన నురగ కట్టేది. నురగ లేని చాయ్‌ని ఆవిడ అతిథికి ఇచ్చేది కాదు, అది ఇంటివాళ్లకే. ఇంత ప్రాచీనంగా కనిపించే ఈ ఆచారం ఇంటింటికీ పాకింది 19వ శతాబ్దంలోనే. క్రిమియా యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు వర్తకులు అమ్ముడుపోని తేయాకును టాంజియర్, మొగదోర్ రేవుల్లో దించడం అందుకు ఒక కారణమని చెబుతారు. మూడు గ్లాసులదాకా ఇస్తారు. తీపి మనకు ఎక్కువే. చక్కెర జబ్బు ఉన్నవారు ముందే చెప్పుకోవాలి.

ఇంకొక్క మాట. వారి పిల్లలను ముద్దుగా ఉన్నారని పొగిడితే వెంటనే "తబారకల్లా" అనాలి. అనకపోతే తల్లి ముఖంలో రంగు మారుతుంది. దిష్టి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రశ్న: అక్కడ వీధికి ఒక రొట్టెల పొయ్యి, ఒక స్నానాల ఇల్లు ఉంటాయని రాశారు. ఎవరి రొట్టె ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? నలుగురిలో స్నానం చేయడానికి మీరెట్లా ఒప్పుకున్నారు? (విశ్రాంత ఉపాధ్యాయురాలు, పరకాల)

జవాబు: టీచర్ గారూ, మన చిన్నప్పుడు జొన్నలు గంపలో పోసుకుని గిర్నీకి పోయినట్టే, అక్కడ పిండి కలిపి గుండ్రంగా ఒత్తిన రొట్టెలను చెక్క పలక మీద పెట్టి, బట్ట కప్పి, పిల్లల చేత ఫర్రాన్‌కు పంపుతారు. ఫర్రాన్ అంటే కట్టెలతో కాల్చే ఉమ్మడి పొయ్యి. గొయ్యిలో నిలబడి పొడుగాటి చెక్క తెడ్డుతో రొట్టెలను లోపలికి తోసే మనిషికి ప్రతి ఇంటి పలకా, బట్టా, రొట్టె మీద వేళ్లతో నొక్కిన గుర్తూ తెలుసు. మా వీధి పొయ్యిలో ఒక పూట నలభై పలకలదాకా వరుసగా ఉండటం చూశాను, ఒక్కరోజు కూడా ఒకరి రొట్టె ఇంకొకరికి పోలేదు. ఎవరి ఇంట రొట్టెలు ఎక్కువయ్యాయో చూసి వాళ్ల ఇంటికి చుట్టాలు వచ్చారని ఆయనే అందరికంటే ముందు గ్రహించేవాడు. ఇప్పుడు ఇండ్లలో గ్యాస్ పొయ్యిలు వచ్చి పెద్ద ఊళ్లలో ఫర్రాన్‌లు తగ్గుతున్నాయి, అది నాకు బాధగానే ఉంది. రొట్టె ముక్క దారిలో పడి ఉంటే తొక్కరు. వంగి తీసి, ముద్దు పెట్టుకుని, గోడ మీద ఎత్తుగా పెట్టి పోతారు. అన్నం మెతుకు కాలికి తగిలితే కళ్లకు అద్దుకునే మన పెద్దవాళ్లే గుర్తొచ్చేవారు.

స్నానాల ఇల్లు, అంటే హమ్మామ్, చాలాచోట్ల ఈ పొయ్యికి ఆనుకునే ఉంటుంది. మర్రాకేష్ నగరంలో అయితే హమ్మామ్ నీళ్లు కాచే పొయ్యి బూడిదలో మట్టికుండలు పూడ్చి తంజియా అనే మాంసం కూరను గంటల తరబడి ఉడికిస్తారు. హమ్మామ్ ఆడవారికి వేరు, మగవారికి వేరు, లేదా వేర్వేరు వేళలు. మొదట గోరువెచ్చటి గది, తరువాత వేడి గది. ఆలివ్ నూనెతో చేసిన నల్లటి సబ్బు ముద్ద ఒంటికి రాసుకుని, కాసేపు చెమట పట్టనిచ్చి, కెస్సా అనే గరుకు చేతితొడుగుతో రుద్దుతారు. సున్నిపిండితో నలుగు పెట్టి, బీరపీచుతో రుద్దే మన తలంటు స్నానమే, కాగులో నీళ్లకు బదులు గది మొత్తం కాగినట్టు ఉంటుంది. మొదటిరోజు నేను ఒక మూలన ముడుచుకుని కూర్చుంటే, ముక్కూ మొహమూ తెలియని ఒక ముసలావిడ నా చేతిలోని కెస్సా తీసుకుని నా వీపు రుద్దడం మొదలుపెట్టింది. వీపు ఎవరికి వారు రుద్దుకోలేరు కాబట్టి పక్కవారిది రుద్దడం అక్కడి ఆనవాయితీ. ఆవిడది పూర్తయ్యాక తన వీపు నా వైపు తిప్పింది. ఇక నాకు సిగ్గుపడే వీలు లేకపోయింది. లోదుస్తులు ఉంచుకునే స్నానం చేస్తారు కాబట్టి మీరు అనుకున్నంత ఇబ్బంది ఉండదు. పెండ్లికూతురికి, బాలింతకు హమ్మామ్ స్నానం ఒక వేడుకలా జరుపుతారు. వరుస కరువుల వల్ల నీటిని పొదుపు చేయడానికి 2024 మొదట్లో చాలా ఊళ్లలో వారానికి మూడు రోజులు హమ్మామ్‌లు మూసి ఉంచాలని అధికారులు ఆదేశించారు. ఇంట్లో స్నానాల గది లేని పేదలకు అది ఎంత కష్టమో ఆ వీపులు రుద్దిన చేతులను గుర్తు చేసుకుంటే తెలుస్తుంది.

ప్రశ్న: నేను గల్ఫ్‌లో పదకొండేళ్లు పనిచేసి వచ్చిన. అరబ్బీ బాగనే వచ్చు. మొరాకోలో కూడా అదే భాష, అదే పద్ధతులు ఉంటయా? అక్కడ పని దొరికితే పోదామని ఉన్నది. (జగిత్యాల నుంచి ఒక సోదరుడు)

జవాబు: తమ్ముడూ, మతం ఒకటే కాని ఊరు వేరు. మొరాకో వీధి భాషను దారిజా అంటారు. అచ్చులు మింగేసి, ఫ్రెంచి మాటలు, అమజీగ్ మాటలు కలిపి వేగంగా మాట్లాడే ఆ అరబ్బీ గల్ఫ్ వారికి కూడా ఒకపట్టాన అర్థం కాదు. మీరు మాట్లాడేది వారికి అర్థమవుతుంది, వారిది మీకు అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఆ దేశపు మొదటి జనం అమజీగ్‌లు. వారి భాషను 2011 రాజ్యాంగంలో అధికార భాషగా గుర్తించారు, తిఫినాగ్ అనే వారి లిపి ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీద కనిపిస్తుంది. వారి సంవత్సరాదికి 2024 నుంచి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. వారానికి సెలవు శని, ఆదివారాలే. శుక్రవారం పనిదినమే, కాని మధ్యాహ్నం విరామం ఎక్కువ. ఆ పూట నమాజు తరువాత ప్రతి ఇంట్లో కుస్కుస్ తింటారు. గోధుమ రవ్వను చేత్తో నలిపి, కూర ఉడుకుతున్న కుండ ఆవిరి మీదనే రెండు మూడుసార్లు ఉడికించి, గుమ్మడి, క్యారట్, క్యాబేజీ వంటి కూరగాయలతో వడ్డిస్తారు. ఆ వంట పద్ధతిని 2020లో యునెస్కో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, మారిటేనియాల ఉమ్మడి వారసత్వంగా నమోదు చేసింది.

మీకు ముఖ్యంగా తెలియాల్సింది వరుసలు కలిపే పద్ధతి. గల్ఫ్‌లో మనం విన్న "సదీక్", అంటే స్నేహితుడా, అనే పిలుపు ఒక దూరాన్ని ఉంచుతుంది. మొరాకోలో పెద్దావిడ ఎవరైనా "ఖాల్తి", అంటే మా అమ్మ చెల్లెలు, పెద్దమనిషి ఎవరైనా "అమ్మి", అంటే మా నాన్న తమ్ముడు. మన చెవికి అమ్మి అంటే తల్లిలా వినిపిస్తుంది గానీ అది బాబాయి వరుస. ఈడువారు "ఖూయా", అన్నా అని. కూరగాయల బండి దగ్గర, టాక్సీలో, దవాఖానాలో కూడా ఇవే పిలుపులు. ముక్కూ మొహమూ తెలియని వారిని అక్కా, చిన్నమ్మా, తాతా అని పిలిచే మనవాళ్లకు అవి రెండు రోజుల్లో వస్తాయి. ఉద్యోగం విషయంలో మాత్రం నా మాట వినండి. అక్కడ చదువుకున్న యువకులకే పని దొరకక ఐరోపాకు వలస పోతున్నారు. గల్ఫ్‌లో వలెనే కూలి పనులు దొరుకుతాయని ఎవరైనా ఏజెంటు చెబితే నమ్మి డబ్బు కట్టవద్దు.

రంజాన్ గురించి కూడా అడిగారు. గడియారం ఏడాదంతా గ్రీన్విచ్ కాలానికి ఒక గంట ముందు నడుస్తుంది, రంజాన్ నెలలో మాత్రం ఆ గంటను వెనక్కి తిప్పుతారు. తెల్లవారుజామున పాత బస్తీల్లో నఫ్ఫార్ అనే మనిషి పొడుగాటి బూర ఊది జనాన్ని లేపుతాడు. పొద్దు గూకగానే వీధిలో ఒక్క పురుగు కూడా కనిపించదు, అందరూ ఖర్జూరం, హరీరా అనే పప్పు చారు ముందు కూర్చుంటారు. నెల మొదలయ్యే ముందు ఆడవాళ్లు ఒకచోట చేరి పిండిని పువ్వులా మడిచి, వేయించి, తేనెలో ముంచి, నువ్వులు చల్లి షెబాకియా చేస్తారు. సంక్రాంతి ముందు వాడలోని ఆడవాళ్లంతా ఒక ఇంట్లో చేరి సకినాలు చుట్టినట్టే ఆ సందడి. వేయించిన పిండి, బాదం, నువ్వులు కలిపి చేసే సెల్లూ అయితే అచ్చం సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండి.

ప్రశ్న: ఒంటరిగా ఒక ఆడపిల్ల అక్కడ తిరగవచ్చా? దాచకుండా చెప్పండి. (డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: తిరగవచ్చు, నేను తిరిగాను. దాచకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, మాటల వేధింపు ఉంటుంది. వెంటపడి పలకరించేవారు, ఏ దేశం, పేరేమిటి అని అడిగేవారు పెద్ద ఊళ్లలో తగులుతారు. జవాబు చెప్పకుండా నడిచిపోవడమే మంచిది. మరీ మీదికి వస్తే గట్టిగా "హషూమా" అనాలి. సిగ్గు లేదా అని అర్థం. ఆ మాట వినగానే చుట్టూ ఉన్న పెద్దవాళ్లు, ముఖ్యంగా ఖాల్తీలు, నీ పక్కన నిలబడతారు. ఒకసారి బస్సు స్టాండులో నా పక్షాన ఒక కొత్తిమీర అమ్మే ఆవిడ లేచి నిలబడి ఆ కుర్రవాడిని తరిమిన తీరు నేను మరిచిపోను. మహిళలపై హింసను, బహిరంగ ప్రదేశాల్లో వేధింపును నేరంగా చూసే చట్టం అక్కడ 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. చట్టం రావడానికి అక్కడి ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. పాతకాలపు కాఫీ హోటళ్లలో కుర్చీలన్నీ వీధి వైపు తిప్పి మగవాళ్లే కూర్చుంటారు. మిఠాయి దుకాణాల్లో, పాలు, పండ్ల రసం అమ్మే చోట్ల ఆడవాళ్లు కూర్చుంటారు, అక్కడ కూర్చో. ఊరి లోపల తిరిగే చిన్న టాక్సీలకు ఊరికొక రంగు, కాసాబ్లాంకాలో ఎరుపు, రబాత్‌లో నీలం. మీటరు వేయమని అడుగు. ఊరికీ ఊరికీ మధ్య నడిచే పెద్ద టాక్సీల్లో మన షేర్ ఆటోల లెక్కన సీటుకు ఇంత అని ధర ఉంటుంది. ఇరుకు ఇష్టం లేకపోతే రెండు సీట్ల డబ్బు ఇచ్చి ముందు సీటు మొత్తం తీసుకోవచ్చు, చాలామంది ఆడవాళ్లు అట్లా చేస్తారు.

ప్రశ్న: మేము మాంసం, గుడ్డు ముట్టము. పది రోజుల యాత్రకు వెళ్తే పస్తులేనా? (మంచిర్యాల)

జవాబు: పస్తులు ఉండరు. వంకాయ, టమాట కలిపి మగ్గించిన జాలూక్, ఎండు బాకలా (చిక్కుడు జాతి) గింజలతో చేసే బిస్సారా, పప్పు, రొట్టె, ఆలివ్ కాయలు ఎక్కడైనా దొరుకుతాయి. కూరగాయల కుస్కుస్ అన్నా అది మాంసం ఉడికిన నీటి ఆవిరి మీద ఉడికి ఉండవచ్చు, అడిగి తీసుకోండి. "మా కనాకుల్ష్ ల్హమ్" అంటే మాంసం తిననని అర్థం, కాని వారి లెక్కలో ల్హమ్ అంటే గొర్రె, గొడ్డు మాంసమే. కోడి, చేప పేర్లు కూడా విడిగా చెప్పాలి. ఒకరి ఇంటికి భోజనానికి పిలిస్తే ముందు రోజే ఈ సంగతి చెప్పండి. అప్పటికప్పుడు చెబితే, అతిథికి పెట్టడానికి ఇంట్లో తగినది లేదే అని ఆ ఇల్లాలు పడే బాధ చూడలేరు.

ప్రశ్న: మాది కొత్తవాడలో దర్రీల నేత. మొరాకో తివాచీలకు ప్రపంచమంతా పేరుంది. అక్కడ బేరం ఎట్లా జరుగుతుంది? నేసినవారికి ఏమైనా దక్కుతుందా? (వరంగల్)

జవాబు: అన్నా, మీ ప్రశ్న నన్ను కలచివేసింది, ఎందుకంటే నేను కూడా ఇదే అడిగి తెలుసుకున్నాను. మధ్య అట్లాస్ పర్వతాల్లో బెనీ ఊరైన్ తెగల ఆడవాళ్లు గొర్రె ఉన్నితో, తెల్లటి నేల మీద నల్లటి గీతలతో నేసే తివాచీలు పారిస్ దుకాణాలదాకా పోతాయి. అక్కడ నేత ఆడవాళ్లది, అమ్మకం మగవాళ్లది. సంతకు తెచ్చిన తివాచీ దళారి చేతుల్లోకి పోయి, ఫెస్, మర్రాకేష్ బజార్లలో ఎన్నో రెట్లు పలుకుతుంది. ఇప్పుడు నేసే ఆడవాళ్లే సహకార సంఘాలు పెట్టుకుని, తివాచీకి నేసినవారి పేరు, పట్టిన రోజులు రాసిన చీటీ కట్టి అమ్ముతున్నారు. కొనదలచుకుంటే అటువంటి చోటనే కొనమని అందరికీ చెబుతాను. వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అక్కడి ఒక సంఘంలో చెబితే, చీటీ మీద ఏం రాస్తారు, పేరు రాస్తారా అని వారు నన్ను ఎన్నో ప్రశ్నలు అడిగారు.

బజారులో బేరం మాత్రం తొందర మనుషుల పని కాదు. చాయ్ వస్తుంది, పిల్లల సంగతులు వస్తాయి, పది తివాచీలు పరుస్తారు. అడిగిన ధరలో సగానికి తక్కువ నుంచి మొదలుపెట్టడం మామూలే, అందులో అవమానం లేదు. అయితే మనం ఒక ధర చెప్పి, ఆయన సరే అన్న తరువాత కొనకుండా లేవడం పెద్ద తప్పు. ఎనుమాముల మార్కెట్లో పాట ఖాయమయ్యాక మాట తప్పితే ఎంత మాట పడాలో అక్కడా అంతే. చాయ్ తాగినందుకు కొనాలని ఏమీ లేదు. ఫెస్ పాత బస్తీలో కార్లు పోవు, గాడిదల వాళ్లు "బాలాక్" అని అరిస్తే గోడకు ఒదగాలి. ఆ గల్లీల్లో "ఈ దారి మూసేశారు, నేను చూపిస్తా" అనే కుర్రవాళ్ల వెంట పోకండి. ఒకరి వెంట పోయి, అక్కరలేని ఒక దుకాణంలో గంటసేపు చిక్కుకుని, చివరికి దారి చూపినందుకు మళ్లీ డబ్బు ఇచ్చుకున్నాం.

ప్రశ్న: మన వరంగల్‌కూ మొరాకోకూ చరిత్రలో ఏదైనా సంబంధం ఉందా? (చరిత్ర విద్యార్థి, కాకతీయ విశ్వవిద్యాలయం)

జవాబు: నేరుగా లేదు గానీ ఒక మనిషి ఉన్నాడు, యాత్రికుడు ఇబ్న్ బతూతా. 1323లో ఓరుగల్లు కోటను గెలిచిన ఉలుగ్ ఖానే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. మొరాకోలోని టాంజియర్‌లో 1304లో పుట్టి, 1325లో ఇల్లు విడిచి, 1333లో సింధు నది తీరానికి చేరిన ఇబ్న్ బతూతా ఢిల్లీలో ఆ తుగ్లక్ కొలువులోనే ఖాజీగా పనిచేశాడు. తిలంగ్, అంటే మన తెలుగు నేల, ప్రస్తావన అతని యాత్రా కథనంలో ఉంది. తిరిగి వెళ్లాక ఫెస్ నగరంలో అతను చెబుతుండగా ఇబ్న్ జుజయ్ రాసిన ఆ గ్రంథం 1355లో పూర్తయింది. ఒక మొరాకో మనిషి మన దేశపు తాంబూలం మర్యాదను, రాజు స్వయంగా ఇచ్చే తమలపాకుల విలువను ఎంత శ్రద్ధగా రాసిపెట్టాడో చదివితే, పరాయివాడు ఎలా చూడాలో తెలుస్తుంది. తప్పక చదువు.

ప్రశ్న: మళ్లీ ఒక చిన్న ప్రశ్న. అమ్మాయి చేత పక్కింటివాళ్లకు ఇక్కడి నుంచి ఏం పంపితే బాగుంటుంది? మామిడికాయ తొక్కు పెట్టి ఇస్తున్నాను. (మొదటి ఉత్తరం రాసిన తల్లి, హన్మకొండ)

జవాబు: తొక్కు అమ్మాయికి, అల్లుడికి ఇవ్వండి, వారికి కావాలి. మొరాకోవారు కారం తినలేరు. పక్కింటికి సకినాలు పంపండి, నువ్వులు, వాము వాసన వారికి బాగా నచ్చుతాయి, చాయ్‌తో తింటారు. ఒక చిన్న దర్రీ, ఒక పావుకిలో చపాటా మిరప పొడి కూడా పెట్టండి. వారి వంటల్లో రంగు కోసం తహ్మీరా అనే కారం లేని ఎర్ర పొడి వేస్తారు. రంగు ఎక్కువ, మంట తక్కువ ఉండే మన చపాటా దానికి సరిగ్గా సరిపోతుంది. మా ఖాల్తి ఆ పొడిని వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర, నిమ్మరసంతో నూరి సార్డిన్ చేపలకు పట్టించింది, నేను సెలవులకు వచ్చి వెళ్లిన ప్రతిసారీ డబ్బా తెచ్చి ముందు పెట్టేది. పొడి సీసాలో కాకుండా స్టీలు డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేయండి, లేకపోతే సూట్‌కేసులో బట్టలన్నీ ఎర్రబడతాయి.